పక్షివిశేషము

శబ్దరత్నాకరం తిరగేసే అలవాటు ఉన్నవాళ్ళకి ఈ మాట బాగా పరిచయం. ఏ ప్రబంధంలోనో ఒక పిట్ట పేరు తగులుతుంది, అర్థం కోసం నిఘంటువు తెరుస్తాం, అక్కడ "పక్షివిశేషము" అని ఉంటుంది. చెట్టయితే "వృక్షవిశేషము". 1885లో అంత పెద్ద పని చేసిపెట్టిన బహుజనపల్లి సీతారామాచార్యుల వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ అంతకు ముప్పై ఏళ్ళ ముందే, 1852లో, బ్రౌన్ దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో చాలా పిట్టలకీ మొక్కలకీ లాటిన్ పేర్లు వెతికి మరీ పెట్టాడు. పరాయివాడికి అది ఏ పిట్టో తెలియాలి. మనకి అది పిట్ట అని తెలిస్తే సరిపోయింది.

ఇది నిఘంటువుతో మొదలైన జబ్బు కాదు, కవిత్వంలోంచే అక్కడికి వచ్చిందని నా అనుమానం. చకోరాన్నే తీసుకోండి. వెన్నెల తాగే పిట్టగా మన పద్యాల నిండా ఎగిరింది. నిజం చకోరం హిమాలయాల వైపు కొండల్లో తిరిగే, కౌజు లాంటి పక్షి. తెలుగు నేల మీద అది లేదు. ఇక్కడి చేలగట్ల మీద పొద్దున్నే గొంతు చించుకునే కౌజుకి మాత్రం కావ్యంలో చోటు దొరకలేదు, కూరలో దొరికింది. కవిసమయం అబద్ధమని కొట్టిపారేయనక్కర్లేదు. చాతకం సంగతే ఉంది, వానచుక్క కోసం చూస్తుందన్నది కల్పనే కానీ ఉత్తరాదిన ఆ పిట్ట నైరుతి రుతుపవనాలతో పాటే ఆఫ్రికా నుంచి దిగుతుంది. ఎవరో ఒకరు ఎప్పుడో తలెత్తి చూశారు. ఆ తర్వాత వందల ఏళ్ళు మిగతావాళ్ళు చూసినవాణ్ణి చూసి రాశారు.

ఆధునికులం కదా, మనం చకోరాల్ని వదిలేశాం. మరి తీతువుని? తెలుగు కథలో తీతువు అరిచిందంటే రెండు పేజీల్లో ఎవరో పోతారు. నేను చదివిన కథల్లో, చూసిన సినిమాల్లో ఆ అరుపు శకునమే తప్ప పిట్ట కాదు. ఇంతకీ తీతువు ఎందుకు అరుస్తుంది? అది నేల మీదే, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. గూడు కట్టదు. మనిషో కుక్కో అటువైపు అడుగేస్తే లేచి, మన తల చుట్టూ తిరుగుతూ అల్లరల్లరి చేస్తుంది. రాత్రిపూట కూడా. అంటే ఇన్నాళ్ళూ మనం మన చావు కబురనుకున్నది, తన పిల్లల్ని చంపేస్తామేమోనని అది పెట్టే కేక. ఈ ఒక్క సంగతి తెలిసి రాసిన కథ ఎలా ఉండేదో ఊహించండి. పొలం ప్లాట్లయిపోయిన ఊళ్ళో, హద్దురాళ్ళ మధ్య అరుస్తున్న తీతువు... శకునమూ నిలిచేది, అర్థం మాత్రం తిరగబడేది.

నాకు ఇది పుస్తకాల్లో తెలిసింది కాదు. మూడేళ్ళుగా ఆదివారాలు హైదరాబాదు పడమటి చెరువుల వెంట తిరిగే ఓ గుంపుతో వెళ్తున్నాను. అమీన్‌పూర్ చెరువు మాకు దగ్గర. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ అపార్టుమెంట్లు పెరిగినా చలికాలం వస్తే బాతులు దిగుతూనే ఉన్నాయి. మా గుంపులో అందరం తెలుగువాళ్ళమే, మాట్లాడేదీ తెలుగే, పిట్టల పేర్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఠక్కున ఇంగ్లీషు. ఒకసారి కట్ట దిగి నడుస్తుంటే పిట్ట లేచి అరిచింది. ఒకరు "రెడ్-వాటిల్డ్ ల్యాప్‌వింగ్" అన్నారు, ఇంకొకరు ఫోన్ ఎత్తి మెర్లిన్ యాప్‌కి వినిపించి ఖాయం చేశారు, మూడో ఆయన లిస్టులో ఎక్కించారు. పక్కన మేకలు కాస్తున్న పెద్దాయన ఇదంతా చూసి, "గది తీతువు సారూ. గుడ్లున్నట్టున్నయ్, జర జూసి నడువుండ్రి" అన్నాడు.

సాహిత్య విమర్శ రాస్తూ ఈ మాట ఎందుకు ఎత్తుతున్నానంటే, మా మూడు వాక్యాలకీ ఆయన వాక్యానికీ మధ్య తేడా వాక్యనిర్మాణంలోనే ఉంది. మేం గుర్తించాం. ఆయన గుర్తించి, కారణం చెప్పి, మా కాళ్ళని హెచ్చరించాడు. ఆయన వాక్యంలో పిట్టా ఉంది, దాని గుడ్లూ ఉన్నాయి, మేమూ ఉన్నాం.

అలాగని ఫీల్డ్ గైడ్‌ని తీసిపారేసేవాళ్ళలో నేను లేను. సాలిం అలీ 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' 1941లో వచ్చింది. నా మటుకు అది మంచి వచన గ్రంథం కూడా. ఆయన పిట్ట సైజు చెప్పడానికి అంగుళాల మీదే ఆధారపడడు. పిచ్చుక కంటే కాస్త చిన్న, గోరింక కంటే కొంచెం పెద్ద, కాకి అంత అంటాడు. తెలిసినదాని పక్కన తెలియనిదాన్ని నిలబెట్టడం, అంటే మన అలంకారశాస్త్రంలో ఉపమ చేసే పనే. ఆయన కొలబద్దలన్నీ మన ఇంటి చూరు చుట్టూ తిరిగేవి. 1930ల మొదట్లో నిజాం రాష్ట్రమంతా తిరిగి పక్షుల సర్వే చేసిన మనిషి కాబట్టి, ఆ పుస్తకంలో దక్కను ఎండ తగులుతుంది కూడా. యాప్ ఆ పని చేయదు. అది ఇది ఫలానా అని చెప్పేసి ఊరుకుంటుంది. దేని పక్కన దేన్ని నిలబెట్టుకోవాలో మనకి వదిలేస్తుంది. మనం నిలబెట్టుకోవడం లేదు.

నిలబెట్టుకోడానికి సామగ్రి లేక కాదు. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1862-64 మధ్య 'ద బర్డ్స్ ఆఫ్ ఇండియా' వేశాడు. అందులో పిట్ట పిట్టకీ స్థానిక భాషల పేర్లిచ్చాడు. తెలుగు పేర్లు ఏరుకుంటూ ఆ సంపుటాలు చదవడం నాకు ఓ నవల చదివినంత పని. నల్లగా, తోక చీలి ఉండే డ్రాంగో లేదూ, దాని పేరు పసుల పోలిగాడు. పశువుల వీపు మీద స్వారీ చేస్తూ, వాటి కాళ్ళకి లేచే పురుగుల్ని పట్టుకు తింటుంది. పోలిగాడు అన్నది పల్లెల్లో మనిషి పేరు. పసులు కాసే కుర్రాడి పేరు పిట్టకి ఇచ్చేశారు. క్రో ఫెజంట్ అనేవాళ్ళే, అది జెముడుకాకి. జెముడు కంచెల్లో దూరి తిరిగే కాకి అని. ఈ పేర్లు పెట్టినవాళ్ళకి పక్షి ఒక్కటీ విడిగా కనబడలేదు. గొడ్డుతోనో కంచెతోనో కలిపి కనబడింది.

(ఓ తమాషా. అడవుల్లో తిరిగే రంగురంగుల పిట్టల కుటుంబం ఒకటుంది, ప్రపంచమంతా దాన్ని పిట్టా అంటారు, ప్రజాతి పేరు కూడా అదే. 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టాడు. మూలం మన తెలుగు 'పిట్ట'. మనం పక్షివిశేషమని ఊరుకుంటే, ఆ విశేషం లేని మాటే శాస్త్రంలో విశేషనామం అయి కూర్చుంది.)

మన సాహిత్యంలో ఇలాంటి చూపు లేదనడం అన్యాయం. జాషువా 'గబ్బిలం' మొదటి భాగం కూడా 1941లోనే వచ్చింది. దాన్ని మేఘసందేశానికి ఎదురుపద్యంగా, కులం మీద తిరుగుబాటుగా చదువుతాం, సరైనదే. కానీ కావ్యం నిలబడింది ఓ జంతుశాస్త్ర వాస్తవం మీద. గబ్బిలం గుడి కప్పుకి వేలాడుతుంది. మనిషికి రానివ్వని గర్భగుడిలో అది శివుడి చెవికి దగ్గరగా ఉంటుంది, పూజారి లేని వేళల్లో మేలుకుని ఉంటుంది. హంసనో చిలకనో పంపి ఉంటే కావ్యం కుప్పకూలేది. అపశకునమని అందరూ తరిమేదాన్ని ఎంచుకోవడం ఒక తెలివి. అది ఎక్కడ, ఎలా బతుకుతుందో తెలిసి ఎంచుకోవడం ఇంకో తెలివి. ఈ రెండోదాని గురించి మన విమర్శకులు పెద్దగా మాట్లాడలేదు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' అడవి కూడా అలాంటిదే. పందిని వెతుక్కునే ముసలివాడికి పొదలు దృశ్యం కావు, పని.

వీటి పక్కన ఈమధ్య వస్తున్న ప్రకృతి కవితలు, వ్యాసాలు పెట్టి చూస్తే నాకు దిగులేస్తుంది. ఒకప్పుడు "ఏదో పిట్ట" అని రాసేవాళ్ళం. ఇప్పుడు "పర్పుల్ సన్‌బర్డ్" అని రాస్తున్నాం. ఖచ్చితత్వం వచ్చింది, సంతోషం. కానీ ఆ పేరు కవితలో ఏ పనీ చేయదు, దాన్ని తీసి ఇంకో పిట్టని పెడితే పద్యం చెక్కుచెదరదు. తేనెపిట్ట అని రాస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. ఏ పువ్వు మీద తేనె? ఆ పువ్వు ఎవరు నాటారు? అక్కడిదాకా వెళ్ళకపోతే చెక్‌లిస్ట్ కూడా ఇంకో కవిసమయమే.

ఆ ప్రశ్నే నన్ను మొక్కల్లోకి దించింది. నగరంలో ఇప్పుడు "నేటివ్ గార్డెన్" మోజు నడుస్తోంది. నర్సరీవాళ్ళు ఆ పేరుతో వేరే అరలు పెట్టారు, వేరే రేట్లు కూడా. ఆ అరలో జిల్లేడు ఉండదు. ఊరికే మొలిచేదాన్ని ఎవడు కొంటాడు? ఖాళీ స్థలంలోంచి తెచ్చి మా మిద్దె మీద కుండీలో పెట్టాను. మొదటి వానలకే ఆకులు చిల్లులు పడ్డాయి. నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగులు, ప్లెయిన్ టైగర్ సీతాకోకవి. పక్కింటి పిన్నిగారు చూసి, "పురుగు పట్టింది నాయనా, మందు కొట్టించరాదూ" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అసలు ఇంట్లో జిల్లేడేమిటి" అని కూడా అన్నారు. పాడుబడ్డ ఇంటికి జిల్లేడు గుర్తు, మన భాషలో. అదే పిన్నిగారు రథసప్తమికి ఏడు ఆకులు కావాలని వచ్చి కోసుకెళ్ళారు. మొక్కకి మన మధ్య ఇన్ని సంబంధాలున్నాయి, తిట్టూ స్నానమూ పురుగూ. నర్సరీ లేబుల్ మీద ఇవేవీ పట్టవు.

"నేటివ్" అన్న మాట కూడా నన్ను స్థిమితంగా ఉండనివ్వదు. భాషలో అచ్చతెనుగు వాదం ఎక్కడికి పోయిందో మనకి తెలుసు. బతుకమ్మలో తంగేడు ఇక్కడిదే, బంతి మెక్సికో వైపుది, గుమ్మడీ అమెరికా ఖండానిదే. బంతిని ఏరి పారేయమని ఏ ఆడబిడ్డకి చెప్తాం? వచ్చినవాటికీ మనవాళ్ళు పేర్లు పెట్టి కలుపుకున్నారు. చెరువుని మింగేదానికి గుర్రపు డెక్క, చేనుని మింగేదానికి వయ్యారిభామ. ఇంత గొప్ప పేర్లు పెట్టగల భాష ఇది.

అయితే పేరు పెట్టినంత మాత్రాన పాపం పోదు, అక్కడే నేను స్థానికవాదులతో కలుస్తాను. సర్కారు తుమ్మ పేరులోనే దాని చరిత్ర ఉంది. 19వ శతాబ్దం చివర్లో దొరతనం వారు కట్టెల కోసమని తెచ్చి నాటించారు, తొలి చోట్లలో కడప జిల్లా ఒకటి. అదే జిల్లాలో కలివికోడి ఉంది. ఇంగ్లీషులో దాన్ని జెర్డన్స్ కోర్సర్ అంటారు, చూసిన దొర పేరు మీద. తెలుగులో కలివి పొదల పేరు మీద. 1900 తర్వాత ఎనభై ఆరేళ్ళు అది ఎవరికీ దొరకలేదు, అంతరించిందనే రాసుకున్నారు. 1986లో లంకమల అడవుల అంచున ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకుంటేనే బతికుందని లోకానికి తెలిసింది. దానికోసం తెలుగుగంగ కాలువ దారి మళ్ళించారు. పొద పోతే ఆ కోడి పోతుంది, కోడి పోతే ఆ పేరు నిఘంటువులో "పక్షివిశేషము"గా మిగులుతుంది. ఈసారి ఆ నిర్వచనం అక్షరాలా సరిపోతుంది, చూసి సరిచేసేవాళ్ళు ఉండరు కాబట్టి.

మా ఆదివారం లిస్టులో ఈ ఏడాది ఒక గడి పెంచాం, తెలుగు పేరు కోసం. షరతు ఒకటే, పుస్తకంలోంచి ఎత్తి రాయకూడదు, ఎవరినైనా అడిగి రాయాలి. తీతువు, నీటికాకి, లకుముకి, పాలపిట్ట, గిజిగాడు సులువుగా నిండాయి. పోలిగాడి దగ్గర ఖాళీ ఉంది, ఇటువైపు ఏమంటారో ఇంకా చెప్పినవాళ్ళు లేరు. ఆకులు కుట్టి గూడు చేసే టైలర్‌బర్డ్ దగ్గరా ఖాళీయే. మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ని అడిగాను. తనకి గుర్తు లేదట, వాళ్ళమ్మ నారాయణఖేడ్ నుంచి సంక్రాంతికి వస్తుంది, ఆమెకి తెలుస్తుందన్నాడు. ఫోన్‌లో పిట్ట బొమ్మ చూపిస్తానంటే వద్దన్నాడు. "బొమ్మ చూస్తే ఆమెకు తెల్వది సార్. గూడు జూపియ్యాలె."