పదియు పదునారును: తెలుగు లెక్కలలో సంఖ్యాధారములు

ఎన్నింటి నొక కట్టగా గట్టి లెక్కింతుమో ఆ సంఖ్య ఆ లెక్కకు ఆధారము. తెలుగునకు అట్టి ఆధారము పదియొక్కటే యని మనము సాధారణముగా బోధించుచున్నాము. సంఖ్యావాచకములను మాత్రమే చూచినచో ఈ మాట సత్యమే. ఇరువది, ముప్పది, నలువది మొదలగువాని యన్నిటను 'పది' స్పష్టముగా కలదు.

నారాయణఖేడు ప్రాంతము ఇందుకు మంచి నిదర్శనము. 1956 వరకు బీదరు జిల్లాలో నుండిన ఈ తాలూకాలో తెలుగు, కన్నడము, మరాఠీ చిరకాలముగా కలసి యున్నవి. 29 అను సంఖ్యను తెలుగువారు 'ఇరువదితొమ్మిది' యందురు. కన్నడిగులు 'ఇప్పత్తొంబత్తు' అందురు. మరాఠీవారు 'ఏకోణతీస్', అనగా ఒకటి తక్కువ ముప్పది, అందురు. నిర్మాణము వేరైనను ఆధారము పదియే.

కాని లెక్క నోటినుండి అంగడికి దిగినంతనే పది చాలకపోవును. నిజాము రాజ్యమున చెల్లిన హాలీ సిక్కా రూపాయికి పదునారణాలు. తెలుగు కొలతలు ప్రాంతమునుబట్టి మారుచుండును. ప్రసిద్ధమైన ఒక వరుసలో రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఐదు తూములకు ఏదుమనియు, పది తూములకు పందుమనియు పేర్లు. ఒక్క ధాన్యపు లెక్కలోనే రెండు, నాలుగు, ఐదు, ఇరువది కలసి నడచుచున్నవి.

ఒకటికి లోపలి లెక్క మరింత గమనింపదగినది. అందు ఆధారము నాలుగు. పాతిక నాలుగవవంతు, వీసము పదునారవవంతు, కాణి అరువదినాలుగవవంతు. రెండు వీసములు పరక, మూడు వీసములు మువ్వీసము. వ్రాతలో మొదటి స్థానమునకు నిలువుగీతలు, రెండవ స్థానమునకు అడ్డగీతలు. ముప్పాతికయు పరకయు కలసిన ౻౽ అగును. రూపాయిలో అది పదునాలుగణాలు. గీత దిక్కును చూచియే స్థానమును గుర్తింపవచ్చును.

ఇట్లేల జరిగెను? వస్తువును పంచుటలో సగము చేయుట సులభము. పదిని ఒక్కసారి సగము చేయగా ఐదు వచ్చును. పిమ్మట సరిగా తెగదు. పదునారు నాలుగుమార్లు తెగును. ఎంచుటకు చేతివ్రేళ్లు పదిని, పంచుటకు సగములు పదునారును ఇచ్చినవి.

కంప్యూటరు రెండే అంకెలతో పని చేయును. ఆ అంకెలను నాలుగేసిగా చదువుటకు పదునారు ఆధారముగా గల లెక్కను వాడుదురు. దీనిని చూపి మన పూర్వులు కంప్యూటరు గణితమును ముందే యెరుగుదురను వాదము అంగీకార్యము కాదు. రెండు లెక్కలును సగములనుండి పుట్టినవి. సామ్యము అంతవరకే, వారసత్వము లేదు. ఉభయులకును లోపము సైత మొక్కటే. రూపాయిలో పదవవంతు ఒక అణాయు ఏడు పైలును పైలో ఐదవవంతును అగును. సరిగా చెల్లింప వీలులేదు. కంప్యూటరు ద్విసంఖ్యలలోను పదవవంతు ఎంత వ్రాసినను ముగియదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు రాగా కష్టము తలక్రిందులైనది: అణాకు ఆరుంబావు నయాపైసలు!

కావున ఆధారము జాతి బుద్ధికి కొలత కాదు. చేయుచున్న పనికి అనువైన సాధనము. ఇది సిద్ధాంతచర్చ మాత్రమే కాదు. పాత కవిలెలను పరిష్కరించు పరిశోధకుడు అంతయు దశాంశమే యని తలచినచో ౹ అను పాతికగుర్తును వాక్యాంతదండముగా భ్రమించి విడిచివేయును. రైతు పన్నులోనో అప్పులోనో నాలుగవవంతు మాయమగును. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1 ఈ భిన్నాంకములకు స్థానము కల్పించినది. అచ్చువేయుటకు వీలు లేదను సాకు ఇక చెల్లదు. సంఖ్యావాచకములతో పాటు ఈ గీతలను చదువుటయు మన పాఠ్యక్రమమున చేరవలయును.