వంశంలో ఉన్నదీ నీళ్ళలో ఉన్నదీ

"వాళ్ళ వంశంలోనే ఉంది" అనే మాట మన ఇళ్ళల్లో రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. ఎవరికైనా క్యాన్సర్ అని తెలిసినప్పుడు ఒకసారి, ఆ ఇంటి ఆడపిల్లకి సంబంధం చూసేటప్పుడు ఇంకోసారి. మొదటిసారి అది ఓదార్పు. ఎవరూ ఆపగలిగింది కాదులే అని. రెండోసారి వచ్చేసరికి అదే మాట తీర్పుగా మారుతుంది. ఒకే వాక్యం ఇంత తేలిగ్గా ఓదార్పు నుంచి తీర్పులోకి ఎలా జారిపోతుంది? దీన్ని సైన్సు ప్రశ్నగానే చూడడం అలవాటైంది కానీ, ఇది కథనానికి సంబంధించిన ప్రశ్న కూడా. రోగానికి ఒక కథ కావాలి, ఆ కథకి ఒక మూలం కావాలి. వంశం అనేది అన్నిటికన్నా దగ్గరగా, చవగ్గా దొరికే మూలం.

ఈ వాక్యంతో నేరుగా తలపడిన ఇద్దరు అమెరికన్ రచయిత్రుల పుస్తకాలు సాండ్రా స్టైన్‌గ్రేబర్ 'లివింగ్ డౌన్‌స్ట్రీమ్' (1997), టెర్రీ టెంపెస్ట్ విలియమ్స్ 'రెఫ్యూజ్' (1991). రెండింటినీ పర్యావరణ సాహిత్యం అనే ఒకే అరలో పెడతారు. నాకు మాత్రం అవి ఒకదానితో ఒకటి వాదించుకునే పుస్తకాల్లా కనిపిస్తాయి.

స్టైన్‌గ్రేబర్ జీవశాస్త్రవేత్త, కవి కూడా. ఇల్లినాయ్ రాష్ట్రంలో నది ఒడ్డున ఉన్న పీకిన్ అనే పారిశ్రామిక పట్టణంలో పెరిగింది. 1979లో, ఇరవయ్యేళ్ళ వయసులో, ఆమెకి మూత్రాశయ క్యాన్సర్ వచ్చింది. అప్పటికే తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంది. మేనమామలకీ బాబాయిలకీ వరసైన వాళ్ళలో క్యాన్సర్లున్నాయి. ఒక అత్తయితే సరిగ్గా అదే రకం మూత్రాశయ క్యాన్సర్‌తో పోయింది. మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అని అడిగిన ప్రతివాళ్ళకీ ఈ జాబితా చెబితే తలాడిస్తారు. అప్పుడామె రెండో మాట చెబుతుంది, తను దత్తపుత్రికనని.

పుస్తకం మొత్తానికి కీలకం ఇక్కడే ఉందని నేను అనుకుంటాను. ఈ ఒక్క వివరంతో కథ తలకిందులవుతుంది. ఆ కుటుంబంలో ఒకరి నుంచి ఒకరికి చేరింది రక్తం కాదు. మరి ఏమిటి? అందరూ తాగిన నీళ్ళు, పీల్చిన గాలి, ఆ నేల మీద చల్లిన పురుగుమందులు. ఆమె తన సొంత ఊరి బావుల దగ్గరికీ, పరిశ్రమలు ప్రభుత్వానికి ఇచ్చుకున్న విషరసాయనాల లెక్కల దగ్గరికీ వెళుతుంది. రంగులు, రబ్బరు తయారీలో వాడే ఆరోమాటిక్ అమీన్‌లకీ మూత్రాశయ క్యాన్సర్‌కీ సంబంధముందన్న అనుమానం కొత్తదేమీ కాదు. జర్మన్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో దాన్ని 1895లోనే గమనించాడు. ఈ రసాయనాలు కాలేయంలో మార్పు చెంది మూత్రంతో పాటు మూత్రాశయానికి చేరతాయి. అక్కడి కణాల డీఎన్ఏకి అతుక్కుపోతాయి. అతుక్కున్నచోట కణం తన ప్రతిని తీసుకునేటప్పుడు తప్పు దొర్లుతుంది. ఆ తప్పులు పేరుకుపోతే క్యాన్సర్.

అయితే స్టైన్‌గ్రేబర్ జన్యువులను కథలోంచి పూర్తిగా వెళ్ళగొట్టదు. ఈ అమీన్‌ల విషాన్ని విరిచే ఒక ఎంజైము కొందరిలో చురుగ్గా, కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది. అది పుట్టుకతో వచ్చే తేడానే. మందకొడి వాళ్ళకి ముప్పు ఎక్కువ. కానీ అలాంటివాళ్ళు యూరప్, అమెరికా జనాభాలో సగం దాకా ఉంటారు. సగం మంది శరీరాల తీరుని 'లోపం' అని పిలిచి, ఆ రసాయనాన్ని మాత్రం మామూలు సంగతిగా వదిలేసే భాష ఎవరిది? ఇది మనకి బాగా తెలిసిన ప్రశ్నే. దోషం ఎప్పుడూ శరీరానిది, ముఖ్యంగా ఆడశరీరానిది అని పితృస్వామ్యం చెబుతూ వచ్చిన తీరుని మనం వేరే చోట్ల చాలాసార్లు విప్పి చూశాం.

ఒక్కచోట మాత్రం ఆమెతో నాకు పేచీ ఉంది. దత్తత వెళ్ళినవాళ్ళ మీద 1988లో అచ్చయిన డెన్మార్క్ అధ్యయనాన్ని ఆమె గట్టి సాక్ష్యంగా నిలబెడుతుంది. పెంచిన తల్లిదండ్రుల్లో ఒకరు యాభై ఏళ్ళ లోపు క్యాన్సర్‌తో పోతే, ఆ పిల్లల్లో క్యాన్సర్ మరణాలు ఐదు రెట్లు ఎక్కువగా కనిపించాయి. కన్నవాళ్ళ మరణంతో అలాంటి సంబంధం కనిపించలేదు. వినడానికి ఆమె కథే అంకెల్లో వచ్చినట్టుంటుంది. కానీ చిన్న సంఖ్యల మీద కట్టిన లెక్క అది. 2000లో స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్‌లలోని 44,788 జతల కవలల మీద వచ్చిన అధ్యయనం రొమ్ము క్యాన్సర్‌లో వంశపారంపర్యం పాత్రని సుమారు 27 శాతంగా లెక్కగట్టింది. మిగిలిన పెద్దభాగం వంశానిది కాదు కాబట్టి ఆమె వాదం కూలిపోదు. కానీ ఆ 27 శాతాన్ని పక్కకి నెట్టేయలేం.

విలియమ్స్‌ది దీనికి ఎదురు పరిస్థితి. ఆమె యూటాలో తరతరాలుగా స్థిరపడిన మోర్మన్ కుటుంబపు ఆడపిల్ల. తల్లి, ఇద్దరు అమ్మమ్మ నానమ్మలు, ఆరుగురు పిన్ని, అత్త వరసలవాళ్ళు, మొత్తం తొమ్మిదిమందికి రొమ్ము తొలగించాల్సి వచ్చింది. రాసేనాటికి ఏడుగురు లేరు. 'రెఫ్యూజ్' చివర్లో వచ్చే 'ది క్లాన్ ఆఫ్ వన్‌-బ్రెస్టెడ్ ఉమెన్' అనే వ్యాసం ఈ లెక్కతోనే మొదలవుతుంది. ఎడారిలో రాత్రిపూట ఒక పెద్ద వెలుగు చూసినట్టు తనకి పదేపదే కలొచ్చేదని తండ్రికి చెబితే, అది కల కాదు, నువ్వు నిజంగానే చూశావంటాడు. 1957లో, ఆమె తల్లి ఒళ్ళో కూర్చుని కారులో వెళుతుండగా చూసిన నెవాడా అణుపరీక్ష అది. 1951 నుంచి 1962 దాకా అక్కడ ఆరుబయట జరిగిన పరీక్షల ధూళి గాలివాటుగా యూటా మీద పడింది.

సాహిత్యంగా చూస్తే ఇది గొప్ప ఘట్టం. కల సాక్ష్యంగా మారిపోతుంది. విధేయత నేర్పిన మతంలో పెరిగిన స్త్రీ ప్రశ్నించడం మొదలుపెడుతుంది, పరీక్షాస్థలంలోకి నడిచి అరెస్టవుతుంది. అయినా చదివిన ప్రతిసారీ నాకొక అనుమానం మిగులుతుంది. ఒకే కుటుంబంలో ఇన్ని రొమ్ము క్యాన్సర్లు, తల్లికి ఆ తర్వాత అండాశయ క్యాన్సర్ కూడా. ఇప్పటి జన్యువైద్యులెవరైనా ఇది వినగానే బీఆర్‌సీఏ జన్యువు గురించి అడుగుతారు. అమ్మమ్మా నానమ్మా రెండు వేరు రక్తాలవాళ్ళు కదా అని ఆ వ్యాసం పక్షాన వాదించవచ్చు. పరీక్ష ధూళి వల్లనే అని రుజువు చేయలేనని విలియమ్స్ కూడా ఒప్పుకుంటుంది. కానీ వచనం ఊపు అందుకున్నాక ఆ ఒప్పుకోలు పాఠకులకి గుర్తుండదు. తరగతిలో ఈ వ్యాసం చెప్పినప్పుడల్లా విద్యార్థినులు వెలుగునే గుర్తుపెట్టుకుంటారు, ఆ వాక్యాన్ని కాదు.

నిజానికి జన్యువూ విషమూ ప్రత్యర్థులని అనుకోవడంలోనే తిరకాసుంది. డీఎన్ఏ రెండు పేటల తాడు. రేడియేషన్ ఒక్కోసారి రెండు పేటల్నీ ఒకేచోట తెంపుతుంది. ఆ తెగినదాన్ని సరిగ్గా ముడివేసే పనిలో ఉండేవే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2. అంటే 'క్యాన్సర్ జన్యువు' అని మనం పిలిచేది అసలు మరమ్మతు చేసే జన్యువు. వారసత్వంగా వచ్చేది క్యాన్సర్ కాదు, మరమ్మతులో బలహీనత. కుట్టు బలహీనంగా ఉన్న బట్టని ఎవరు లాగారన్న ప్రశ్న అప్పుడు ఇంకా ముఖ్యమవుతుంది. రొమ్ము క్యాన్సర్లలో ఇలా ఒకే బలమైన జన్యుమార్పుతో వచ్చేవి ఐదు నుంచి పది శాతమే. అది తల్లి నుంచి ఎంత వస్తుందో తండ్రి నుంచీ అంతే వస్తుంది.

ఈ చివరి సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా పెద్దమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయిన రెండేళ్ళకి చెల్లెలికి ఒక సంబంధం వచ్చింది. "అమ్మాయి తల్లివైపు ఏదో ఉందటగా వదినా" అని మధ్యవర్తి మా అమ్మని నెమ్మదిగా అడిగింది. మా నాన్న మేనత్త కూడా అదే జబ్బుతో పోయిందని అక్కడున్న అందరికీ తెలుసు. ఆమె గురించి ఎవరూ అడగలేదు. అబ్బాయివైపు ఏముందని మావాళ్ళూ అడగలేదు. జబ్బుకి కూడా పుట్టిల్లు ఉంటుంది, అది ఎప్పుడూ ఆడవాళ్ళదే!

వారసత్వ పరిశోధనంతా ఇలాగే స్త్రీలకి వ్యతిరేకంగా పనిచేస్తుందని అనను. రొమ్ము క్యాన్సర్‌కి సంబంధించిన జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో చూపిన మేరీ-క్లెయిర్ కింగ్, 1980లలో అర్జెంటీనా వెళ్ళి ప్లాజా డి మాయో అమ్మమ్మలతో కలిసి పనిచేసింది. సైనిక పాలనలో మాయమైన తమ కూతుళ్ళ పిల్లలు ఎవరింట్లో పెరుగుతున్నారో తెలుసుకోవాలన్నది ఆ అమ్మమ్మల పోరాటం. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ వాళ్ళకి ఆధారమైంది. అక్కడ రక్తసంబంధం రాజ్యం చెప్పిన అబద్ధాన్ని బయటపెట్టింది. ఇటు అమెరికాలో అదే బీఆర్‌సీఏ జన్యువుల మీద ఒక కంపెనీ పేటెంట్లు తీసుకుంది. ప్రకృతిలో ఉన్న డీఎన్ఏకి పేటెంటు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2013 వచ్చింది.

రసాయనాలు జన్యువుల్ని మార్చగలవని తేల్చినవాళ్ళలోనూ ఒక స్త్రీ ఉంది. నాజీల నుంచి తప్పించుకుని ఎడింబరో చేరిన యూదురాలు షార్లెట్ ఆవర్‌బాక్. 1940లలో జె. ఎం. రాబ్సన్‌తో కలిసి మస్టర్డ్ గ్యాస్‌తో ఈగల మీద ప్రయోగాలు చేస్తూ చేతులు కాల్చుకుంది. యుద్ధరహస్యం కాబట్టి 1946 దాకా ఫలితాలు బయటికి రాలేదు. (ఆ మరుసటి ఏడాది మారుపేరుతో పిల్లల కథల పుస్తకం కూడా రాసింది. ఈమె గురించి ఎవరైనా విడిగా రాయాలి.) రేచెల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' (1962)లో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. ఆ పుస్తకం రాస్తూనే కార్సన్ రొమ్ము క్యాన్సర్‌తో ఉంది. ఆ సంగతి బయటికి తెలియనివ్వలేదు. తెలిస్తే, రోగిష్టి మనిషి కోపంతో రాసిందని పరిశ్రమలవాళ్ళు కొట్టిపారేస్తారు. స్టైన్‌గ్రేబర్ తన జబ్బుని మొదటి పేజీల్లోనే పెట్టగలగడానికి వెనక ఈ మౌనం ఉంది.

పెళ్ళి సంబంధం దగ్గరికి మళ్ళీ వస్తే, ఈ విషయం మీద నేను చదివిన అతి నిశితమైన రచన స్త్రీ రాసింది కాదు. 1965, 66లలో ధారావాహికగా వచ్చిన మసుజి ఇబుసే జపనీస్ నవల 'నల్లవాన' అది. హిరోషిమా బాంబు పడిననాడు అక్కడి చుట్టుపక్కల ఉన్న యాసుకోకి ఆ తర్వాత సంబంధాలు కుదరవు. ఆమెకి రేడియేషన్ జబ్బుందని పుకారు. బాంబు తర్వాత గర్భం దాల్చినవాళ్ళ పిల్లల మీద దశాబ్దాలుగా జరుగుతున్న అధ్యయనాల్లో వారసత్వ రోగాలు పెరిగిన దాఖలా కనిపించలేదు. శరీర కణాల్లో జరిగిన దెబ్బ వేరు, అండంలోనో వీర్యకణంలోనో జరిగి బిడ్డకి చేరే దెబ్బ వేరు. కానీ సంబంధాలు చూసేవాళ్ళు ఈ తేడా కోసం ఎదురుచూడరు. యాసుకో ఆరోగ్యవంతురాలని నిరూపించడానికి మేనమామ షిగెమత్సు ఆమె డైరీని శుభ్రంగా తిరగరాసి మగపెళ్ళివారికి పంపాలనుకుంటాడు. రాస్తూ రాస్తూ, ఆమె మీద నల్లవాన కురిసిందన్న చోటుకి వచ్చి, ఆ భాగం ఉంచాలా తీసేయాలా అని భార్యాభర్తలిద్దరూ తటపటాయిస్తారు.