చప్పిడి కంచం ఒక్కరికేనా?

ఇంట్లో ఒకరికి బీపీ ఉందని తేలగానే ఆ ఒక్కరికీ చప్పిడి కూర విడిగా తీసిపెట్టడం మన అలవాటు. దీనివల్ల మేలు జరగదని నా గట్టి నమ్మకం. పక్కవాళ్లు గోంగూర కలుపుకుంటుంటే, అప్పడం నంజుకుంటుంటే చప్పిడి మెతుకులు శిక్షలా తోస్తాయి. నాలుగు రోజులు ఓర్చుకున్న మనిషి ఐదో రోజు ఆవకాయ జాడీ మూత తీస్తాడు. తగ్గించేదేదో పొయ్యి దగ్గరే, అందరికీ, కొద్దికొద్దిగా తగ్గించాలి. అమెరికాలో జరిగి 2001లో వెలువడిన డ్యాష్-సోడియం పరిశోధనలో 412 మందికి ఉప్పు మూడు మోతాదుల్లో మార్చి పెట్టి చూశారు. ఉప్పు తగ్గేకొద్దీ రక్తపోటు తగ్గింది. బీపీ ఉన్నవాళ్లకి ఎక్కువగా, లేనివాళ్లకీ కొంత. అలాంటప్పుడు పిల్లలకీ పెద్దలకీ వేరే గిన్నెలెందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా. కూరలో, చారులో, పొడిలో, మజ్జిగలో, ఊరమిరపకాయలో విడివిడిగా పడేది కలిపితే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. అయితే ఊరగాయ కలిపేటప్పుడు ఉప్పు తగ్గించకండి, బూజు పడుతుంది. కంచంలో వేసుకునే ముక్క చిన్నదైతే చాలు. చారులో ఉప్పు చివర్లో వేసి, రుచి చూసి ఆపాలి. పులుపు, ఇంగువ పోపు సరిగ్గా కుదిరితే వెలితి అంతగా తెలియదు. కొన్ని వారాల్లో నాలుకే అలవాటు పడుతుంది, పాత మోతాదు ఉప్పుకషాయంలా అనిపిస్తుంది.

తాతలు ఆవకాయతోనే బతికారు కదా అంటారు. వాళ్లు పొద్దంతా ఎండలో చెమటోడ్చారు, పైగా వాళ్ల బీపీ ఎవరూ కొలవలేదు. సైంధవ లవణం మంచిదనే మాటా నిలవదు, అందులోనూ ఉన్నది చాలావరకు సోడియం క్లోరైడే. ఆశ కలిగించేది మరొకటుంది. చైనాలో 600 గ్రామాల్లో, పక్షవాతం వచ్చినవాళ్లకీ, అరవై దాటి బీపీ ఉన్నవాళ్లకీ నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చి చూస్తే, మామూలు ఉప్పు వాడిన గ్రామాలకంటే పక్షవాతం 14 శాతం తక్కువగా వచ్చిందని 2021లో తేలింది. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లూ, ఒంట్లో పొటాషియం పెంచే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లూ డాక్టర్ని అడగకుండా ఆ ఉప్పు ముట్టకూడదు. ఉప్పు తగ్గిందని మాత్రలు సొంతంగా మానేయడమూ ప్రమాదమే. లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే బీపీ చూపించుకుని, మోతాదు సంగతి డాక్టర్‌నే తేల్చమనాలి.