బొకాచియోగారి అనుమానం

2020 లాక్‌డౌన్‌లో, పనిమనిషి రాక, గడప దాటే దారి లేక, మధ్యాహ్నాలు ఎంతకీ గడవని రోజుల్లో 'డెకామెరాన్' ఇంగ్లీషు అనువాదం చదివాను. అట్ట చూసి మావారు "ఈ వయసులో ఇదేం పుస్తకమే!" అన్నారు. చెప్పొద్దూ, నాకూ కాస్త బెరుకే. బూతుకథల పుస్తకమని దానికున్న పేరు అలాంటిది మరి!

1348లో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరాన్ని ప్లేగు ఊడ్చేస్తోంది. ఏడుగురు యువతులు, ముగ్గురు యువకులు ఊరు విడిచి తోటమేడలకు చేరి, పదిరోజులు, రోజుకు పది చొప్పున కథలు చెప్పుకుంటారు. మోసపోయే మొగుళ్ళు, దొంగచాటు ప్రేమలు, దారి తప్పిన సన్యాసులు అన్నీ ఉన్నాయి. తమాషా ఏమిటంటే, చెప్పే ఆ పదిమందీ గీత దాటరు. ఆడవాళ్ళు సిగ్గుపడతారు, నవ్వుతారు, మళ్ళీ తమ వంతు కథ చెబుతారు. చావు గుమ్మంలో ఉన్నా కోరిక గురించి నోరువిప్పి మాట్లాడుకోవచ్చు అనే ఆ ధైర్యం నాకు నచ్చింది.

నచ్చనిది పీఠికలో ఉంది. ప్లేగు రోగికి గజ్జల్లో, చంకల్లో గుడ్డంత, ఆపిల్ పండంత గడ్డలు లేచేవి. అయినవాళ్ళే వదిలి పారిపోతే, ఎంత గొప్పింటి స్త్రీ అయినా మగ సేవకుడికి ఒళ్ళు చూపించుకోక తప్పలేదట. ఇంతవరకూ సరే. బతికి బట్టకట్టినవాళ్ళలో తరవాత శీలం సడలడానికి బహుశా ఇదే కారణం అన్నారు బొకాచియోగారు! గదుల్లో మగ్గే ఆడవాళ్ళ కోసమే రాస్తున్నానని అంతకు ముందే జాలిపడ్డ పెద్దమనిషి ఈయనే. జ్వరంతో మూలిగే మనిషి గడ్డ చూపించుకుంటే అది వైద్యమా, సరసమా?

ఈ అనుమానం ఇంకా చావలేదు. 2020లో "ఆలుమగలు ఇంట్లోనే ఉన్నారు, ఇక ఉయ్యాలలు చాలవు" అని ఒకటే జోకులు. తీరా చూస్తే, అమెరికాలో ఆ డిసెంబరు కాన్పులు అంతకుముందు డిసెంబరుకన్నా నూటికి ఎనిమిది తగ్గాయి. జబ్బు భయం, ఉద్యోగం బెంగ, ఇల్లంతా జనం. వీటి మధ్య సరసం ఎక్కడ?

అసలు బాధ వేరే చోట ఉంది. ఆ రోజుల్లో మా పక్కవాటావిడ లోపలి మంట, దురద రెండు నెలలు ఓర్చుకుంది. ఆస్పత్రికి వెళ్ళాలంటే భయం. ఫోన్లో చెబుదామంటే "మగ డాక్టరండీ, ఏమనుకుంటాడో!" అంది. చివరికి మా వంటింట్లో తలుపు వేసుకుని, నా ఫోన్లో, గుసగుసగా చెప్పింది. వారం మందులతో తగ్గిపోయింది. రెండు నెలలు ఆమె నోరు కట్టేసింది రోగం కాదు, బొకాచియోగారి ఆ 'బహుశా'.

అయినా పుస్తకం చదవండి. చదవదగ్గదే. కాకపోతే, పీఠికలోని ఆ మాట ఆ ఏడుగురు ఆడవాళ్ళ చెవిన పడనివ్వలేదు రచయిత. పడి ఉంటే నూటొకటో కథ పుట్టేది.