దీన్‌దయాళ్ చూసిన హైదరాబాదు

ఫొటో తీసేది కెమెరాయే అయితే ఒకే కోటను వందమంది తీసిన ఫొటోలు ఒకేలా ఉండాలి. ఎప్పుడూ ఉండవు. తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఏ వేళకు వచ్చాడు, దేన్ని వదిలేశాడు అన్నదాన్ని బట్టి ఆ కోట మారిపోతుంది. ఫొటోగ్రఫీ కళేనా అని ఇప్పటికీ అనుమానపడేవాళ్ళకు నేను రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలు చూడమంటాను.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ కొలువులో చేరారు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టారు. మధ్యభారతంలోని కట్టడాలను ఆయన తీసిన ఫొటోల్లో 86 ఒక పుస్తకంగా వచ్చాయి. 1880ల మధ్యలో హైదరాబాదు చేరి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. 1905లో కన్నుమూసే దాకా మన దక్కనే ఆయన పనికి కేంద్రం.

ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే ఏమిటో ఒకసారి ఊహించుకోండి. మూడు కాళ్ళ స్టాండు మీద పెద్ద చెక్క కెమెరా. వెనక గరుకు అద్దం. నల్లగుడ్డ నెత్తిన కప్పుకొని అందులోకి చూస్తే ఎదుటి దృశ్యం తలకిందులుగా కనిపిస్తుంది, కుడి ఎడమలు కూడా మారిపోతాయి. ఏనుగు కాళ్ళు పైకి, అంబారీ కిందికి! అలా చూసినప్పుడు అది ఏనుగన్న సంగతి కాస్త వెనక్కి పోయి, నలుపు ఎంత ఉంది, తెలుపు ఎంత ఉంది, గీతలు ఎటు పోతున్నాయి అన్నది ముందుకొస్తుంది. చిత్రకారుడు ఏళ్ళ తరబడి సాధన చేసి నేర్చుకునే చూపును ఆ గరుకు అద్దం రోజూ నేర్పేది.

ఆయన చేయి తిరిగింది తడి పలకల మీద. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని ఒక్క బుడగ లేకుండా పారించాలి. సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగాలి. మన ఎండల్లో ఆ పలక నిమిషాల్లో ఆరిపోతుంది. తర్వాత కొన్నాళ్ళకు ముందే తయారుచేసిన పొడి పలకలు వచ్చి పని తేలికైంది గాని, గాజు పలకల బరువు అలాగే ఉండిపోయింది. పైగా ఫొటో ఎంత పెద్దది కావాలంటే పలక కూడా అంత పెద్దది ఉండాలి. తెల్లసొన పూసిన కాగితాన్ని ఆ పలకకు ఆనించి ఎండలో పెట్టి ప్రింటు తీసేవాళ్ళు. ఇంత తతంగం ఉంటే ఎవరూ ఊరికే పది ఫొటోలు తీసి అందులో ఒకటి ఏరుకోరు. ఏరుకోవడమంతా పలక పెట్టకముందే, కళ్ళతోనే జరిగిపోవాలి.

ఇంకో చిక్కు రంగులది. అప్పటి పలకలకు నీలం రంగు బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. నీలాకాశం తెల్ల కాగితంలా వచ్చేది. కుంకుమ నల్లబడేది, పసుపు బట్టలు కూడా మసకబారేవి. ఎదురుగా రంగురంగుల దర్బారు కూర్చుని ఉంటే, ఫొటోగ్రాఫర్ దాన్ని పలక చూసినట్టు చూడగలగాలి. ఉన్నదున్నట్టు తీయడమే ఫొటో అన్న మాట నేను ఒప్పుకోనిది ఇందుకే. ఉన్నదాన్ని మరో భాషలోకి మార్చకుండా ఏ ఫొటో కూడా రాలేదు.

దీన్‌దయాళ్ కట్టడాల ఫొటోల్లో ఆయన చదువు కనిపిస్తుంది. గోడలు నిటారుగా నిలబడతాయి. ఎత్తయిన భవనం కోసం కెమెరాను పైకెత్తితే గోడలు వెనక్కి వాలినట్టు వస్తాయి. అందుకని కెమెరాను సమంగా ఉంచి, ముందున్న లెన్సు పలకను మాత్రమే పైకి జరిపేవాళ్ళు. ఈ పద్ధతి అప్పటి ఫొటోగ్రాఫర్లకు తెలిసిందే. కానీ ఫలక్‌నుమా లాంటి భవనం బరువునూ కొలతనూ అంత నిబ్బరంగా చూపడానికి పద్ధతి ఒక్కటే చాలదు. గోడ ఎలా లేస్తుందో, కమాను భారాన్ని ఎలా మోస్తుందో తెలిసిన కన్ను కావాలి.

మనుషుల్ని తీయడంలో ఆయనకున్న శ్రద్ధ వేరు. ఘోషాలో ఉండే స్త్రీలు అప్పట్లో పరాయి మగవాడి కెమెరా ముందు కూర్చునేవాళ్ళు కాదు. అందుకని 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. వ్యాపారం కోసమే అనేవాళ్ళు ఉంటారు. ఉండనీండి. తమ రూపాన్ని తాము చూసుకునే అవకాశం కొందరు స్త్రీలకు దానివల్ల దొరికింది.

ఆస్థాన ఫొటోగ్రాఫర్ ప్రభువు గొప్పే చూపాలి. వేటలు, విందులు, సైనిక కవాతులు, వైస్రాయిల రాకపోకలు అన్నీ తీశారు. నన్ను ఎక్కువగా ఆపేది మాత్రం ఆయన స్టూడియో పేరు మీదే ఉన్న మరో రకం పని. 1900 ప్రాంతంలో కరువు రోజుల్లో నిజాం ప్రభుత్వం చేసిన సహాయ కార్యక్రమాలను ఫొటోలు తీశారు. అది కూడా ప్రభువు దాతృత్వాన్ని చాటడానికి చేయించిన పనే. అయినా అందులో ఔరంగాబాదు పిల్లలు కళ్ళకు గంతలు కట్టుకుని ఆడుకుంటున్న ఫొటో ఒకటి ఉంది. కరువును చూపడానికి ఎండిన డొక్కలు చాలు. పిల్లల ఆట దగ్గర కెమెరా నిలిపినవాడు, వాళ్ళు అప్పటికీ పిల్లలేనని గమనించాడు. పని ఎవరిదైనా చూపు తనదే కావడమంటే ఇదే.

ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 1989లో ఆ సంస్థ వాటిని సేకరించింది. ఆ ఫొటోలు పుస్తకాల్లోనూ చూడొచ్చు. ఈసారి చార్మినారుకో ఫలక్‌నుమాకో వెళ్ళేముందు ఆయన ఫొటో ఒకటి తీరిగ్గా చూడండి. ఆయన కెమెరా ఎక్కడ నిలిపి ఉంటారో వెతికి అక్కడ నిలబడండి. ఆ తర్వాత అక్కణ్ణుంచి కదిలి, మీకు నచ్చిన చోటు దొరికాకే ఫోను బయటికి తీయండి.