చాటింపు వేసినవాడి మాట ఎక్కడ?

జర్నలిజం తరగతుల్లో జనసమాచార సిద్ధాంతం అనగానే లాస్‌వెల్ పేరు వస్తుంది. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఏ మాధ్యమంలో, ఎవరికి, ఏ ఫలితంతో? 1948లో ఆయన వేసిన ఈ అయిదు ప్రశ్నల్ని విద్యార్థులు కంఠతా పడతారు. వాటిని మన ఊళ్లో పెట్టి చూద్దాం. పత్రికా, రేడియో చేరని కాలంలో ఊరికి మాధ్యమం డప్పు. శిస్తు కట్టాలన్నా, జాతర జరగాలన్నా చాటింపు పడాల్సిందే. కబురు పంపేది కరణం, మునసబు. వినేది ఊరు. మరి చాటింపు వేసిన మాదిగ? గొంతు వాడిది, మాట వాడిది కాదు. అదీ వెట్టికి. లాస్‌వెల్ పట్టికలో మాధ్యమం ఒక సాధనం. మన పల్లెలో అది ఒక కులం.

లాజర్స్‌ఫెల్డ్ బృందం 1940 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికను ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో పరిశీలించి, మాధ్యమాల మాట ముందు అభిప్రాయ నాయకులకూ, వాళ్ల ద్వారా మిగతావాళ్లకూ చేరుతుందని 1944లో ప్రతిపాదించింది. అక్కడ అలాంటి నాయకులు అన్ని తరగతుల్లోనూ కనిపించారు. ఇక్కడికొచ్చేసరికి భూమీ, బావీ, పంచాయతీ చేతిలో ఉన్న కామందే అభిప్రాయ నాయకుడై కూర్చున్నాడు. అభివృద్ధి సమాచారం అతని వాకిట్లోనే ఆగిపోయింది. 1962లో రోజర్స్, కొత్త పద్ధతుల్ని అందరికన్నా ఆలస్యంగా స్వీకరించేవాళ్లను వెనకబడ్డవాళ్లుగా వర్గీకరించాడు. సెంటు భూమి లేనివాణ్ణి కొత్త విత్తనం ఎందుకు వేయలేదని అడిగితే అదేం శాస్త్రం? ఆ అభివృద్ధి నమూనాకి కాలం చెల్లుతోందని 1976లో రోజర్సే రాశాడు. ఆ నిజాయితీని మేము గౌరవిస్తాం.

వార్తల గేటు దగ్గర కాపలాదారు ఉంటాడని 1950లో వైట్ ఒక పత్రికా సంపాదకుణ్ణి పరిశీలించి చూపాడు. అంతకు 30 ఏళ్ల ముందే ఆ గేటు అంబేడ్కర్‌కి తెలుసు. 1920లో ‘మూక్‌నాయక్’ మొదలైనప్పుడు, డబ్బులిస్తామన్నా దాని ప్రకటన వేయడానికి ‘కేసరి’ ఒప్పుకోలేదు. 2019లో ఆక్స్‌ఫాం ఇండియా, న్యూస్‌లాండ్రీ లెక్క తీసిన 121 న్యూస్‌రూం నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాలవే. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. వైట్ చూసింది కాపలాదారుడి ఇష్టాయిష్టాలు. మాకు కనిపిస్తున్నది కాపలా వారసత్వం.

1994లో మాదిగ దండోరా అదే డప్పు పట్టుకుని బయల్దేరింది. వర్గీకరణ మీద దళితుల్లో ఉన్న భేదాభిప్రాయాలు వేరే చర్చ. సమాచార శాస్త్రం గమనించాల్సింది ఒకటుంది: తరతరాలుగా మాధ్యమంగా వాడబడిన మనిషి, తన చాటింపు తానే వేసుకున్నాడు.

ఇవాళ చేతిలో ఫోనుంటే అందరూ వక్తలే అంటున్నారు. రెండంచెల సిద్ధాంతం ఇన్‌ఫ్లుయెన్సర్ల రూపంలో మళ్లీ ముందుకొచ్చింది. గేటు దగ్గర మనిషి కనబడడు గానీ, ఏ మాటను ముందుకు తోయాలో, దేన్ని తొక్కిపెట్టాలో తేల్చే కంపెనీల లెక్కలున్నాయి. అందుకే లాస్‌వెల్‌ని పారేయమని మేము అనడం లేదు. ఆయన మొదటి ప్రశ్ననే ఇంకాస్త గట్టిగా అడగమంటున్నాం: మాట్లాడుతున్నది ఎవరు? ఎవరి గొంతుతో?