గ్యాస్ మారింది, మరి ఆయిల్?

1960ల నాటి బ్యూక్, పాంటియాక్, కాడిలాక్ కార్లను అమెరికాలో ఇవాళ్టికీ ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. ఏసీ ఉన్న కారైతే బానెట్ ఎత్తగానే ఇంజిన్ మీద పొడవుగా, గుండ్రంగా ఓ బరువైన కంప్రెసర్ కనబడుతుంది. జనరల్ మోటార్స్‌కు చెందిన ఫ్రిజిడేర్ విభాగం 1962లో తెచ్చిన ఏ-6 అది. లోపల ఆరు సిలిండర్లు, సొంత ఆయిల్ పంపు, అడుగున ఆయిల్ నిలిచే సంపు. అందులో పోయాల్సింది 525 చిక్కదనం గల మినరల్ ఆయిల్ 11 ఔన్సులు, అంటే సుమారు 325 మిల్లీలీటర్లని అప్పటి సర్వీస్ పుస్తకాలు చెప్పాయి. ఆర్-12 గ్యాస్ ఉన్నంతకాలం ఆ మాటకు తిరుగులేదు.

ఆర్-12 ఓజోన్ పొరను తినేస్తోందని తేలాక 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. అమెరికాలో 1995 చివరికి, మన దేశంలో 2010 నాటికి దాని ఉత్పత్తికి తెరపడింది. దాని స్థానంలో ఆర్-134ఎ వచ్చింది. పాత కారు ఏసీని ఈ కొత్త గ్యాస్‌కు మార్చడం, అందులోనూ ఆయిల్‌ని సరిగ్గా ఎంచుకోవడం అప్పటినుంచి ఒక పనితనంగా పెరిగింది. గ్యాస్ పట్టించడం ఎవరైనా నేర్చుకుంటారు. ఆయిల్ దగ్గరే మెకానిక్ నేర్పు బయటపడుతుంది.

కారు ఏసీలో ఆయిల్ కంప్రెసర్‌లోనే కూర్చోదు. గ్యాస్‌తో కలిసి కండెన్సర్, డ్రయర్, కూలింగ్ కాయిల్ అన్నీ తిరిగి మళ్లీ కంప్రెసర్‌కు చేరాలి. ఆర్-12లో మినరల్ ఆయిల్ చక్కగా కరిగి దాని వెంట వచ్చేసేది. ఆర్-134ఎలో అదే ఆయిల్ నీళ్లలో ఆముదం పోసినట్టే, కలవదు. కంప్రెసర్ నుంచి వెళ్లిన ఆయిల్ కూలింగ్ కాయిల్ అడుగున పేరుకుపోతుంది. కొన్నాళ్లకు కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆర్-12లోని క్లోరిన్ లోహపు భాగాల మీద సన్నని పొర కట్టి అరుగుదలను కొంత ఆపేది. ఆర్-134ఎలో క్లోరిన్ లేదు. కాబట్టి భారమంతా ఆయిల్ మీదే పడింది.

కొత్త గ్యాస్‌తో కలిసే ఆయిళ్లు ప్రధానంగా రెండు. పాలీఆల్కిలీన్ గ్లైకాల్ మొదటిది. మెకానిక్‌లు దాన్ని పాగ్ అంటారు. 46, 100, 150 అని చిక్కదనాన్ని బట్టి డబ్బా మీద అంకెలుంటాయి. రెండోది పాలియోల్ ఎస్టర్. పాత కార్ల కోసం అమ్మే ఎస్టర్ ఎక్కువగా 100 చిక్కదనంలో దొరుకుతుంది. పాగ్ కందెనగా చాలా గట్టిది. కొత్త కార్లలో ఎక్కువగా ఫ్యాక్టరీ నుంచే అదే వస్తుంది. అయితే అది మినరల్ ఆయిల్‌తో కలవదు, గాలిలోని తేమను ఆత్రంగా పీల్చేస్తుంది. లోపల మిగిలిన పాత ఆయిల్‌తోనూ, ఆర్-12 తాలూకు క్లోరిన్ జాడలతోనూ ఎస్టర్ సర్దుకుపోతుంది. దాని బలహీనత వేరు. నీరు తగిలితే విరిగి ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం లోహాన్ని కొరుకుతుంది.

ఏది పోయాలన్నది కంప్రెసర్‌ని విప్పి చూశాకే చెప్పాలి. ఏ-6ని కారు నుంచి దించి, డ్రెయిన్ ప్లగ్ తీసి, ముందువైపు హబ్‌ని చేత్తో తిప్పుతూ పాత ఆయిల్‌ని శుభ్రమైన గాజు గ్లాసులోకి వంపుతారు. ఒకసారి వంపితే చాలదు. రెండు కొనలూ మార్చి మార్చి ఏటవాలుగా పట్టుకుంటే కాస్త కాస్తగా ఇంకా దిగుతుంది. గ్లాసుని వెలుతురుకెత్తి చూస్తే సగం కథ తెలిసిపోతుంది. లేత పసుపు రంగులో తేటగా ఉంటే లోపల ఆరోగ్యం బాగున్నట్టే. నల్లగా, మాడు వాసనతో ఉంటే వేడికి ఉడికిపోయిందని అర్థం. వేళ్ల మధ్య రాస్తే వెండి పొడిలా మెరుపు తగిలితే లోహం అరిగి రాలుతోంది. అప్పుడిక ఆయిల్ గురించి ఆలోచించి లాభం లేదు. కంప్రెసర్‌ని పూర్తిగా విప్పి బాగుచేయాలి, లేదా మార్చాలి. ఆ పొడి కండెన్సర్‌లోకీ వెళ్లి ఉంటుంది గనక దాన్నీ వదలకూడదు.

ఎంత వంపినా ఏ-6 లోపలి సందుల్లో కొంత మినరల్ ఆయిల్ మిగిలే తీరుతుంది. అందుకే పాత కంప్రెసర్‌ని అలాగే ఉంచుకునేవాళ్లకు ఎస్టరే మేలని నా అభిప్రాయం. దాన్ని పక్కనపెట్టి కొత్త కంప్రెసర్ బిగిస్తే మాత్రం తయారీదారు చెప్పిన పాగ్‌నే, చెప్పిన అంకెలోనే పోయాలి. పైపులన్నీ ఫ్లషింగ్ చేశాకే పోయాలి. రెండింటినీ కలిపి పోయడం ఎన్నడూ వద్దు.

కొలత విషయంలో చాలామంది అశ్రద్ధ చేస్తారు. ఆయిల్ తక్కువైతే కంప్రెసర్ పోతుంది, ఎక్కువైతే కాయిల్ గోడలకు అంటుకుని చల్లదనం తగ్గిస్తుంది. ఏ-6 అంత ఆయిల్ అన్నింటికీ అక్కర్లేదు. జనరల్ మోటార్సే తర్వాత తెచ్చిన ఆర్-4కు 6 ఔన్సులు చాలు, దానికి సంపే లేదు. అప్పట్లో ఫోర్డ్ కార్లలో ఎక్కువగా కనబడే యార్క్ కంప్రెసర్‌కు పక్కనుండే ప్లగ్ తీసి పుల్ల పెట్టి మట్టం చూసుకోవచ్చు.

ఆయిల్ డబ్బా విషయంలోనూ జాగ్రత్త కావాలి. నెలల తరబడి మూత వదులుగా ఉన్న సీసాలోది పోయకూడదు. చిన్న డబ్బా కొని, పోసే నిమిషంలోనే మూత విప్పడం మంచి అలవాటు. ఓ రింగులు, తేమను పీల్చే డ్రయర్ రెండూ కొత్త గ్యాస్‌కు సరిపడేవి వేయాలి. కనీసం ముప్పావు గంట వ్యాక్యూమ్ పెట్టాలి. ఆ శూన్యంలో లోపలి తేమ మామూలు వాతావరణ వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది. ఆ తర్వాత కంప్రెసర్‌ని చేత్తో పదిసార్లు తిప్పితే పేరుకున్న ఆయిల్ ఒక్కసారిగా సిలిండర్లలో చిక్కుకోకుండా సర్దుకుంటుంది. ఆర్-134ఎని కూడా ఆర్-12 బరువులో 80 నుంచి 90 శాతమే నింపాలి. పాత కండెన్సర్ పెద్దది కాదు, ఎండల్లో ప్రెషర్ వెంటనే పెరుగుతుంది.

మన దగ్గరా పాత అంబాసిడర్లను, పద్మినీలను, తొలితరం మారుతి 800లను మురిపెంగా కాపాడుకునేవాళ్లున్నారు. ఏసీ చల్లబడకపోతే చాలు, ‘గ్యాస్ అయిపోయింది, పట్టించేయండి’ అనేస్తారు. లీకేజీ ఎక్కడో వెతకరు, లోపల ఏ ఆయిల్ ఉందో అడగరు. పట్టించిన గ్యాస్ మళ్లీ గాల్లో కలుస్తుంది. ఆర్-134ఎకు ఓజోన్ మీద పగ లేదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లు మించినది. అరవై ఏళ్ల కంప్రెసర్‌ని పారేయకుండా బతికించుకోవడం, గ్యాస్ గాల్లోకి పోకుండా ఆపడం, రెండూ సరైన ఆయిల్‌తో మొదలవుతాయి.

అమెరికాలో గ్యాస్ మార్చిన ప్రతి కారు బానెట్ కింద దాని వివరాలతో ఒక లేబుల్ అంటించాలన్న నియమం ఉంది. మీ కారుకూ అలాంటిది రాయించుకోండి. ఏ గ్యాస్, ఎంత, ఏ ఆయిల్, ఎన్ని ఔన్సులు, ఏ తేదీన పోశారు అన్నవి చాలు. తర్వాత చేయి పెట్టే మెకానిక్‌కు ఊహించాల్సిన పని ఉండదు.